చేనికి ఒక్క కత్తి కొంటే ఏది కొనాలి?

విత్తనాలు కొనేటప్పుడు నలుగురిని అడుగుతాం. మోటారు కొనాలంటే నెల్లూరు దాకా పోయి నాలుగు షాపులు తిరుగుతాం. దూడను కొనాలంటే పళ్లు, గిట్టలు, సుడులు చూసిందాకా బయానా ఇవ్వం. కత్తి దగ్గరికొచ్చేసరికి మాత్రం సంతలో కుప్పగా పోసినవాటిలో మెరిసేదాన్ని ఒకటి తీసి, పదో ఇరవయ్యో బేరమాడి, సంచిలో వేసుకుని వచ్చేస్తాం. ఏడాది పొడుగునా మన చేతిలో ఉండే పనిముట్టు అది. దాని గురించి ఆలోచించేది మాత్రం చెయ్యి తెగిన రోజునే.

నేనూ అట్టా కొన్నవాణ్ణే. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వానలకు మా పెరట్లో వేపకొమ్మ విరిగి గేదెల కొట్టం మీద పడింది. లోపల చూలు గేదె. మా చిన్నాయన కొడుకు కొమ్మ పట్టుకుని నిలబడ్డాడు, నేను నరుకుతున్నాను. నాలుగో దెబ్బకో అయిదో దెబ్బకో నా చేతిలో పిడి మిగిలింది, కత్తి లేదు. వాడి చెవి పక్కగా పోయి కొట్టం గోడలో దిగబడింది. ఆ వానలో ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కాసేపు అట్టనే ఉండిపోయినాం. తెల్లారి ఆ కత్తి తోక కొలిస్తే రెండంగుళాలు లేదు. పిడిలో లక్క పోయాల్సిన చోట ఏదో మట్టి కూరి ఉంది. అంతకు ముందు రెండేళ్లలో ఇట్టాంటివే మూడు కొన్నాను. ఆ మూడింటి డబ్బు కలిపితే కొలిమి దగ్గర మంచిది ఒకటి చేయించుకునేవాణ్ణి.

ఆ తర్వాత కొలిమి దగ్గర కూర్చుని అడిగి తెలుసుకున్నవి, చేత్తో చేసి చూసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. రెండెకరాలు, మూడెకరాలు ఉన్న రైతుకు నాలుగు రకాల కత్తులు కొనే స్తోమత ఉండదు. ఒక్కటే కొనాలి, అది పదేళ్లు రావాలి. ఆ ఒక్కటీ ఏదన్నదే ఇక్కడ విషయం.

ముందు పని, ఆ తర్వాతే కత్తి

మన కోస్తా మండలాల్లో వరి కోతకు మిషన్లు వచ్చాక కొడవలి పని తగ్గింది. పచ్చిగడ్డికి, గట్ల మీద కోతకు మాత్రం అది ఉండాల్సిందే. కత్తి పని తగ్గలేదు సరికదా పెరిగింది. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, విడవలూరు వైపు ఇసుక నేలల్లో సర్వి కొమ్మలు కొట్టాలి. కాలువ గట్ల మీద, చెరువు కట్టల మీద చిల్లచెట్లు నరకాలి. మేకలకు మండలు కొట్టాలి. కంచెకు గుంజలు చెక్కాలి. కొబ్బరి బోండాం, తాటి ముంజ సరేసరి. తుపాను వస్తే దారిలో పడ్డ చెట్టును తప్పించాలి.

ఈ పనులన్నిటికీ కలిపి సరిపోయేది మచ్చుకత్తే. పదునున్న భాగం పది నుంచి పన్నెండు అంగుళాలు, వెడల్పు రెండు రెండున్నర అంగుళాలు, వెన్ను దగ్గర మందం అయిదారు మిల్లీమీటర్లు, మొన దగ్గర లోపలికి కొద్దిగా వంగిన కొంకి. పిడితో కలిపి ఆరు, ఏడు వందల గ్రాములుంటే చాలు. బరువుంటే బాగా తెగుతుందని కిలో కత్తి కొనేవాళ్లున్నారు. పొద్దున తెగుతుంది నిజమే. పదకొండు గంటలకు చెయ్యి లాగేస్తుంది, అలిసిన చెయ్యే గురి తప్పుతుంది. దెబ్బలు తగిలేది మధ్యాహ్నం పూటేనని కూలీకి పోయేవాళ్లనెవర్నడిగినా చెప్తారు.

కొంకి దేనికంటారా? చిల్లముళ్లలో చెయ్యి పెట్టకుండా కొమ్మను కొంకితో లాక్కుని కొట్టొచ్చు. ఇంకో లాభం కూడా ఉంది. నేల దగ్గర నరికేటప్పుడు కొంకి ముందు నేలకు తగులుతుంది, పదునంచు రాయికి, ఇసుకకు తగలదు. మరీ కొడవలి లాగా వంగితే మాత్రం గుంజ చెక్కడానికి పనికిరాదు.

వేరే దేశాల్లోనూ వాళ్ల పనిని బట్టే కత్తి రూపం తేలింది. దక్షిణ అమెరికాలో చెరకు, గడ్డి కొట్టే మాచెటీ పొడుగ్గా, రేకులాగా పల్చగా ఉంటుంది. నేపాలీల కుక్రి మందంగా, ముందుకు వంగి ఉంటుంది, అది కట్టె కొట్టేది. ఇంగ్లండు రైతులు కంచె మొక్కలు కొట్టడానికి వాడే కత్తికి మన మచ్చుకత్తి లాగానే కొంకి ఉంటుంది. తమిళనాడు శివగంగ జిల్లా తిరుప్పాచేత్తి అరువాళ్ళకు పేరు. ఎవరి కత్తి గొప్పదన్న వాదన దండగ, మీ చేలో ఏ చెట్టుందో చూసుకోండి.

మడత కత్తి జేబులో పెట్టుకోను బాగుంటుంది. మన ఇసుక, ఉప్పు గాలి కలిసి దాని కీలును ఒక్క వానాకాలంలో పట్టేస్తాయి. నరికే పనికి అది అసలే కాదు, దెబ్బ వేస్తే వేళ్ల మీదికి మడుచుకుంటుంది.

నిమ్మ తోటలున్నవాళ్లకు ఒక మాట. గూడూరు, పొదలకూరు వైపు ఎండుపుల్లలు కత్తితో నరికేస్తుంటారు. నిమ్మకు కత్తి దెబ్బ మంచిది కాదు. కొమ్మ చీలుతుంది, ఆ చీలికలో నీరు నిలిచి తెగులు చేరుతుంది. కత్తెర గానీ చిన్న రంపం గానీ వాడి, కోసిన చోట బోర్డో పేస్టు పూయండి. మైలుతుత్తం ఒక కిలో, సున్నం ఒక కిలో, నీళ్లు పది లీటర్లు. ఇనుప పాత్రలో కలపకూడదు. పిచికారీకి పల్చగా కలిపే బోర్డో మిశ్రమం సరిగా కుదిరిందా లేదా చూడడానికి మాత్రం కత్తి పనికొస్తుంది. శుభ్రంగా తోమిన ఇనుప కత్తిని అందులో ముంచి ఒక నిమిషం ఆగి తీయండి. అంచు మీద రాగి రంగు పట్టిందంటే సున్నం చాలలేదన్నమాట. ఇంకొంచెం సున్నం కలపాలి.

ఇనుము ఎక్కడిది?

కత్తి చేయించుకోబోతే మా కొలిమి ఆచారి మొదట అన్నమాట ఇది: "అబ్బయ్యా, మెరుపు చూసి కొంటే అద్దం కొనుక్కోవాల. కత్తికయితే ఇనుము ఏడదో అడగాల."

ఇనుములో కలిసి ఉన్న కర్బనాన్ని బట్టే కత్తి గుణం ఉంటుంది. కిటికీ ఊచలు, రేకులు, యాంగిల్ ముక్కలు మెత్తటి ఇనుము. వాటిలో కర్బనం పావు శాతం లోపే. ఎంత కాల్చి నీళ్లలో ముంచినా గట్టిపడవు. అట్టాంటి కత్తికి పొద్దున పదును పెడితే సాయంత్రానికి వెన్నూ అంచూ ఒకటే. లారీ కమాను పట్టీలో కర్బనం అర శాతానికి కొంచెం పైన ఉంటుంది. దెబ్బ తట్టుకుని మళ్లీ నిటారయ్యే గుణం దానిది, బరువు మోసి మోసి వంగి లేవాల్సిన ఇనుము గదా. నరికే కత్తికి ఇంతకంటే అనువైనది మనకు అందుబాటులో లేదు. పాత ఆకురాయిలో కర్బనం ఒక శాతానికి పైనే. అది చాలా గట్టి, పదును బాగా నిలుస్తుంది, కానీ కట్టె మీద పెద్ద దెబ్బ వేస్తే పెచ్చు ఊడుతుంది. చిన్న కత్తులకే అది.

పాత కమాను పట్టీ అని కళ్లు మూసుకుని ఇవ్వకండి. ఏళ్ల తరబడి లారీ కింద నలిగిన పట్టీలో కంటికి కనపడని వెంట్రుకవాసి పగుళ్లుంటాయి. బోల్టు రంధ్రం ఉన్న నడిమి భాగం వదిలేసి పక్క ముక్క తీసుకోమనండి. ఇంకొకటి, రైలు పట్టా ముక్క ఉంది తెస్తాను అనేవాళ్లుంటారు. వద్దు. రైల్వే సొత్తు అక్రమంగా దగ్గర పెట్టుకుంటే 1966 నాటి చట్టం కింద కేసు. కత్తి కోసం కోర్టుకు తిరగడమెందుకు.

ఉక్కు మనకు కొత్త కాదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వ్యాపారులు వచ్చేవారు. ఇంగ్లీషు వాళ్లు 'ఊట్జ్' అని రాసుకున్నది మన దక్షిణాది 'ఉక్కు' మాటనే. లండన్‌లో మైకేల్ ఫారడే 1819 ప్రాంతాల ఈ ఉక్కు మీద ప్రయోగాలు చేశాడు. అంతటి చరిత్ర ఉండి మనం సంతలో రేకు కత్తి కొనుక్కుంటున్నాం!

ఇనుము మంచిదైతే సగమే అయినట్టు. మిగతా సగం కాల్చడంలో ఉంది. ఆచారి దగ్గర రెండు సంగతులు అడగండి. ఒకటి, ఎంత కాలుస్తావు? కత్తి ఎర్రనారింజ రంగుకొచ్చి, అయస్కాంతం దగ్గర పెడితే అంటుకోని దశ దాటాలి. చిన్న అయస్కాంతం ఒకటి జేబులో తీసుకుపోండి, తప్పేం లేదు. రెండు, దేన్లో ముంచుతావు? కమాను పట్టీని చల్లటి నీళ్లలో ఒక్కసారిగా ముంచితే కొన్నిసార్లు టప్పున పగుల్తుంది. నూనెలో ముంచితే నిదానంగా గట్టిపడుతుంది. పని చేసే అంచు వరకే ముంచి, వెన్నును మెత్తగా వదిలే ఆచారులున్నారు. నరికే కత్తికి అదే మేలు. అంచు గట్టిగా, వెన్ను సాగేటట్టు ఉంటుంది.

అంతటితో ఆపితే మాత్రం కత్తి గాజులాగా పెళుసు. మళ్లీ సన్నసెగ మీద కాచాలి. అంచును ఒకచోట తెల్లగా రుద్ది కాస్తుంటే రంగులు మారతాయి. ముందు గడ్డి పసుపు, తర్వాత గోధుమ, తర్వాత వంగపండు రంగు, ఆ తర్వాత నీలం. కూరగాయల కత్తికి పసుపు దగ్గర ఆపొచ్చు. మచ్చుకత్తికి వంగపండు రంగు దాటి నీలం తిరిగేదాకా ఉంచాలి. తొందరలో ఈ కాపు మానేసే చోట కత్తి చేయించుకోకండి. మొదటి ఎండు చిల్ల మొద్దుకే అంచు పెచ్చులు లేస్తుంది, ఆ పెచ్చు కంట్లో పడితే ఆ నష్టం తీర్చేవాడుండడు.

పిడి దగ్గర లోభం వద్దు

పిడిలో మూడు రకాలు. సన్నటి తోకను కాల్చి కట్టెలోకి దించి లక్క పోసేది ఒకటి. కత్తి ఇనుమునే చుట్టి గొట్టంలాగా చేసి అందులో కట్టె దిగగొట్టేది రెండోది. కత్తి ఇనుమే పిడి కొస దాకా వచ్చి, రెండు పక్కలా చెక్కలు పెట్టి రివిట్లు కొట్టేది మూడోది.

తోక పిడి కొనాల్సి వస్తే తోక కనీసం పిడిలో మూడొంతులు లోపలికి పోవాలి, మొదట్లో ఇనుప పొన్ను ఉండాలి. పొన్ను లేని తోక పిడి కొననే వద్దు. గొట్టం పిడి బలమైనదే, కట్టె విరిగితే చేలోనే ఇంకో కట్టె చెక్కి దిగగొట్టుకోవచ్చు. అయితే ఎండాకాలం కట్టె ఎండి వదులవుతుంది, రోజూ ఒకసారి తట్టి చూసుకోవాలి. నేను ఇప్పుడు వాడేది మూడో రకం, మూడు రివిట్లతో. చెక్క మొత్తం ఊడిపోయినా ఇనుము నా చేతిలోనే ఉంటుంది. మా వాడి చెవి గుర్తొచ్చిన వాణ్ణి కాబట్టి నేను దీనివైపే మొగ్గుతాను. బరువు కొంచెం ఎక్కువ, ధరా ఎక్కువే.

కట్టె నల్లతుమ్మది గానీ చింతది గానీ బాగా ఆరినది వాడమనండి. మనం తిట్టుకునే చిల్లచెట్టు చేవ కూడా పిడికి మంచిదే, తడికి ఉబ్బడం ఎండకు కుదించుకోవడం తక్కువ. సర్వి మాత్రం చీలుతుంది. పిడి గుండ్రంగా ఉంటే చెమట చేతిలో తిరిగిపోతుంది. కోడిగుడ్డును పక్కల నుంచి నొక్కినట్టు కోలగా ఉండాలి, కొస దగ్గర చిటికెన వేలికి అడ్డం పడేటట్టు చిన్న ముక్కు ఉండాలి. వార్నీషు నున్నగా పూసినవి తడి చేతిలో జారతాయి. గాజుపెంకుతో గీకేసి ఆముదం పట్టించండి.

పిడి మీ చేతి కొలత. మీ అబ్బాయి చేతికి సరిపోయింది మీకు సరిపోదు. ఆడవాళ్లు కూడా మండలు కొడతారు, కట్టెలు కొడతారు. సంతలో వచ్చే పిళ్లన్నీ మగవాళ్ల చేతికి చేసినవే. ఇంట్లో కత్తి ఎక్కువగా వాడేది ఆమె అయితే, కొలిమి దగ్గరికి ఆమెనే తీసుకుపోండి.

కొనే ముందు అయిదు నిమిషాలు

కత్తిని కంటి ముందు పెట్టి తుపాకీ గురి చూసినట్టు అంచు వెంబడి చూడండి, వంకర తెలుస్తుంది. వెన్ను మీద గోటితో గానీ నాణెంతో గానీ కొట్టండి. ఖంగున మోగాలి. బొద్దుగా పలికితే పగులో, వదులు పిడో ఉన్నట్టు. చిన్న ఆకురాయి ముక్కతో అంచు మీద ఒక్క గీత లాగండి. జర్రున జారిపోతే మరీ గట్టి, పెళుసు. వెన్నలో దిగినట్టు దిగితే మెత్తటి ఇనుము. పట్టీ పట్టనట్టు గరగరమంటూ కొంచెం పొడి రాలితే సరైనది. అంచు దగ్గర నీలం మచ్చలున్నాయేమో చూడండి. మిషన్ సానరాయి మీద నీళ్లు లేకుండా రుద్దినప్పుడు అంచు వేడెక్కి వచ్చే మచ్చలవి, అక్కడ గట్టిదనం పోయి ఉంటుంది.

షాపతను గీక్కోనివ్వకపోతే? "మాట్లాడకుండా కొనుక్కో" అనేవాడి దగ్గర నేనైతే కొనను.

ఉప్పు గాలి సంగతి

సముద్రానికి పది కిలోమీటర్ల లోపల ఉన్నవాళ్లకు తుప్పు పెద్ద శత్రువు. రొయ్యల గుంట నీళ్లు తగిలిన కత్తిని అట్టనే చూర్లో దోపితే తెల్లారేసరికి ఎర్రగా ఉంటుంది. మంచినీళ్లతో కడగాలి, పొడిగుడ్డతో తుడవాలి, ఆముదమో కొబ్బరినూనో ఒక చుక్క రుద్దాలి. రెండు నిమిషాల పని. తుప్పు పడితే చింతపండు, ఇటుకపొడితో తోమి, వెంటనే కడిగి ఆరబెట్టి నూనె పెట్టండి. చింతపులుపు మిగిలిపోతే అదే మళ్లీ తింటుంది.

గుంటల మీద పనిచేసేవాళ్లకు మాత్రం నా సలహా వేరు. మేత సంచుల తాళ్లు, వల పోగులు కోయడానికి మచ్చుకత్తి అక్కర్లేదు. నాలుగంగుళాల స్టెయిన్‌లెస్ స్టీలు కత్తి, మడత లేనిది కొనుక్కోండి. నరకడానికి స్టెయిన్‌లెస్ నాకు నచ్చదు గానీ ఉప్పునీళ్లలో దాన్ని మించింది లేదు.

తోలు ఒర చెమటను, ఉప్పును పీల్చి దాచుకుంటుంది. మన దగ్గర దానికంటే రెండంగుళాల పీవీసీ గొట్టం ముక్క మేలు. మరిగే నీళ్లలో ముంచితే మెత్తబడుతుంది, గుడ్డతో పట్టుకుని లోపల కత్తి మందంలో చెక్క పెట్టి రెండు పలకల మధ్య నొక్కితే చప్పిడి ఒర తయారు. అడుగున నీళ్లు కారడానికి చిన్న బెజ్జం పెట్టండి. మంట మీద మాత్రం కాల్చకండి, ఆ పొగ ఊపిరితిత్తులకు చెడ్డది.

పదును పెట్టేటప్పుడు

నరికే కత్తికి గడ్డం గీసుకునే పదును వద్దు. ఒక కాగితం మూలను సగానికి మడిస్తే నలభై అయిదు డిగ్రీలు. మళ్లీ సగానికి మడిస్తే ఇరవై రెండున్నర. ఆ వాలునే రాయి మీద కత్తికి రెండు పక్కలా ఉంచండి. ముందు ముతక పక్క, తర్వాత నున్నటి పక్క, నీళ్లు చల్లుకుంటూ. ఒక పక్క రుద్దుతుంటే అవతలి పక్క అంచు మీద సన్నటి కరుకు వేలికి తగులుతుంది. అది మొన నుంచి మొదలు దాకా వచ్చాకే రెండో పక్కకు తిప్పాలి. చివర్లో పాత బెల్టు మీద నాలుగుసార్లు వెనక్కి లాగితే ఆ కరుకు పోతుంది. వేలిని అంచు వెంబడి లాగి చూడకండి, అంచుకు అడ్డంగా మెల్లగా తాకండి. మొద్దు కత్తికే ఎక్కువ బలం పెడతాం, ఎక్కువ జారేదీ అదే.

దారిలో ఎవరైనా అడిగితే

1959 ఆయుధాల చట్టం ప్రకారం కేవలం ఇంటి పనికి, వ్యవసాయానికి చేసిన వస్తువులు ఆయుధాల లెక్కలోకి రావు. తొమ్మిది అంగుళాలు దాటిన, రెండంగుళాల వెడల్పు మించిన కత్తుల మీద నిబంధనలున్నా, వ్యవసాయ పనిముట్లకు మినహాయింపు ఉంది. రెండు పక్కలా పదునుండి పొడవడానికే చేసినట్టుండే బాకులు వేరే సంగతి, అవి మనకక్కర్లేదు. ఎన్నికలప్పుడు, గొడవలప్పుడు నిషేధాజ్ఞలుంటాయి. పాతరోజుల్లో 144 సెక్షన్ అనేవాళ్లు, 2024 జులై నుంచి కొత్త చట్టంలో అది 163. అట్టాంటప్పుడు కత్తిని గోతాంలో చుట్టి, పార, గంపతో పాటు పెట్టుకుపోండి. బండి హ్యాండిలుకు తగిలించుకుని బజారులో తిరగొద్దు.

తెగితే

పసుపు, కాఫీపొడి, సున్నం, కిరసనాయిలు ఏదీ వేయొద్దు. మంచినీళ్లతో కడిగి, శుభ్రమైన గుడ్డ పెట్టి, పది నిమిషాలు ఎత్తి చూడకుండా గట్టిగా అదిమి పట్టుకోవాలి. చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉండాలి. గుడ్డ తడిసిపోతే దాని మీదే ఇంకో గుడ్డ. గాయం లోతుగా ఉన్నా, వేలు మడవలేకపోతున్నా, మొద్దుబారినా నరం తెగిందేమో అని అనుమానించి అదే రోజు ఆసుపత్రికి పోవాలి. పేడ, మట్టి తగిలే చేతులు మనవి, ధనుర్వాతం ఇంజెక్షన్ మానకండి. పదేళ్లకొకసారి వేయించుకోవాలి, మురికి గాయమైతే అయిదేళ్లు దాటినా మళ్లీ వేయించుకోవాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి.

వేలు పూర్తిగా తెగి పడితే దాన్ని పారేయకండి. తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కట్టి, ఆ కవరును ఐసు వేసిన డబ్బాలో పెట్టండి. వేలు నేరుగా ఐసుకు తగలకూడదు, నీళ్లలో మునగకూడదు. 108కి ఫోను చేసి మనిషితో పాటే ఆ డబ్బానూ పంపండి. గుంటల మీద రొయ్యలకు ఐసు ఎప్పుడూ ఉంటుంది, అడిగితే ఎవరూ కాదనరు.